చూపు కలపని కథానాయకుడు

పదవ శతాబ్దపు ఆలంకారికుడైన ధనంజయుడు తన దశరూపకంలో నాయకునికి ఉండవలసిన గుణాలను పేర్కొన్నాడు. వినయం, మాధుర్యం, త్యాగం, దక్షత మొదలైన వాటితోపాటు ప్రియంవదత్వాన్ని, అనగా ఎదుటివారికి ఇంపుగా మాట్లాడే నేర్పును కూడా అతడు చేర్చాడు. నేటి చలనచిత్ర నాయకులు దశరూపకాన్ని చదివినవారు కాకపోయినా మాటనేర్పును మాత్రం విడిచిపెట్టలేదు. శత్రువును కొట్టడానికి ముందు నాలుగు మాటలు, కొట్టిన తరువాత మరి నాలుగు మాటలు పలకనిదే తెరమీది వీరునికి వీరత్వం సిద్ధించదు. అటువంటప్పుడు ఇంపుగా మాట్లాడటం రానివానిని, ఎదుటివారి కళ్లలోకి సూటిగా చూడలేనివానిని, పరిహాసాన్ని పరిహాసమని గుర్తించలేనివానిని నాయకస్థానంలో నిలపవచ్చునా? 2016 అక్టోబరులో విడుదలైన ‘ది అకౌంటెంట్’ అనే అమెరికన్ చిత్రం నిలపవచ్చునని చూపింది. అయితే అందుకు అది ఒక మూల్యాన్ని కూడా పుచ్చుకున్నది.

ఈ చిత్రానికి గావిన్ ఓకానర్ దర్శకుడు, బిల్ డుబ్యూక్ రచయిత. బెన్ అఫ్లెక్ ధరించిన క్రిస్టియన్ వుల్ఫ్ పాత్ర ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరిలో పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్. పైకి కనిపించే వృత్తి అది. లోలోపల అతడు ప్రమాదకరమైన నేరముఠాల ఖాతా పుస్తకాలలో దొంగలెక్కలను పట్టుకునే నిపుణుడు. తుపాకి పట్టినా, చేతులతో పోరాడినా గురి తప్పనివాడు. అతనికి బాల్యం నుండి ఆటిజం ఉన్నది.

ఆటిజం ఒకరినుండి మరొకరికి సోకే జబ్బు కాదు. తల్లిదండ్రుల పెంపకంలోని లోపం అంతకంటే కాదు. అది మెదడు ఎదుగుదలలోనే ఏర్పడే భేదం. లియో కానర్ అనే వైద్యుడు 1943లో పదకొండుమంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించాడు. ఆటిజం ఉన్నవారందరూ ఒకే తీరుగా ఉండరు. ఒకరికి మాట రాదు. మరొకరు అనర్గళంగా మాట్లాడతారు గాని ఎదుటివారి ముఖంలోని భావాన్ని చదవలేరు. కొందరికి సామాన్యమైన వెలుతురు, చప్పుడు కూడా భరింపరానివవుతాయి. ఇంద్రధనుస్సులో ఒక రంగు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైనదో గీత గీసి చెప్పలేము గదా! అందువల్లనే వైద్యులు దీనిని వర్ణపటంతో పోల్చి చెబుతారు. చిత్రం విడుదలైన 2016లోనే, డిసెంబరులో, భారత పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాలలో ఇదీ ఒకటి.

కథ ఒక యంత్రనిర్మాణ సంస్థలో ఊపందుకుంటుంది. లెక్కలలో ఏదో తేడా ఉన్నదని డేనా అనే యువ ఉద్యోగిని పసిగడుతుంది. సంస్థవారు వుల్ఫ్‌ను పిలిపిస్తారు. పదిహేనేళ్ల ఖాతాలను అతడు ఒక్క రాత్రిలో పరిశీలిస్తాడు. గది అద్దాల గోడలనిండా అంకెలు వ్రాసి, ఆరుకోట్ల డాలర్లకు పైగా సొమ్ము దారి మళ్లినట్లు కనిపెడతాడు. ఆ మరునాడే పని ఆపివేయమని ఆజ్ఞ వస్తుంది. తుపాకులకు చలించని ఆ మనిషి, పని సగంలో నిలిచిపోవడం వల్ల విలవిలలాడుతాడు. పోరాట దృశ్యాలకన్న ఈ చిన్న ఘట్టమే పాత్రను బాగా పట్టి ఇస్తుంది. తరువాత హంతకులు డేనా వెంటబడినప్పుడు పారిపోయే అవకాశం ఉండీ అతడు ఆమెను కాపాడటానికి వెనుదిరుగుతాడు. ప్రియంవదత్వం లేని ఈ నాయకునికి త్యాగం, దక్షత ఉన్నాయన్నమాట.

ఇక్కడ ధనంజయుని మరొక లక్షణం జ్ఞప్తికి వస్తుంది. నాయకుని సాత్త్విక గుణాలలో గాంభీర్యం ఒకటి. మనస్సులో ఎంత సంచలనం ఉన్నా వికారం పైకి కనిపించకపోవడమే గాంభీర్యమని అతని నిర్వచనం. వుల్ఫ్ ముఖంలోనూ ఏ వికారమూ కనిపించదు. ధీరోదాత్తుని విషయంలో మనం కొనియాడే ఆ నిశ్చలతనే తరగతిలోని ఒక బాలునిలో చూసినప్పుడు మొండితనమనో, పొగరనో అంటాము. రెండుచోట్లా పైకి కనిపించేది ఒక్కటే. లోపల జరిగేది వేరు. ధీరోదాత్తుడు భావాన్ని అణచుకుంటాడు. వుల్ఫ్ భావమైతే ముఖం దాకా వచ్చే దారి ఎరుగదు. చెరసాలలో పరిచయమైన ఒక వృద్ధ ఖాతాదారుడు అతనికి ఎదుటివారి కనుబొమల కదలికను, స్వరంలోని ఎత్తుపల్లాలను చదవడం పాఠంలాగా నేర్పుతాడు. ఇతరులకు అప్రయత్నంగా అబ్బే విద్యను అతడు ఛందస్సు నేర్చినట్లు గణాలు లెక్కపెట్టుకుంటూ నేర్చుకుంటాడు.

చిత్రంలో చర్చించదగిన పాత్ర తండ్రిది. అతడు సైనికాధికారి. బాలుడైన వుల్ఫ్‌ను తల్లిదండ్రులు ఒక నాడీశాస్త్ర కేంద్రానికి తీసుకొని వెళ్లినప్పుడు, అక్కడి పెద్ద పిల్లవానిని కొంతకాలం ప్రశాంత వాతావరణంలో ఉంచుదామంటాడు. లోకం నీకోసం మెత్తబడదు కనుక నీవే గట్టిపడాలన్నది తండ్రి సిద్ధాంతం. అతడు కొడుకులిద్దరినీ ఇండోనేషియాకు తీసుకొనిపోయి కఠినమైన యుద్ధవిద్య నేర్పిస్తాడు. పెద్దవాడైన తరువాత కూడా వుల్ఫ్ ప్రతిరాత్రి చెవులు పగిలే సంగీతం, కళ్లు చెదిరే వెలుగుల నడుమ కాలిపిక్కలను కర్రతో రాపిడి చేసుకుంటూ బాధను సహించడం సాధన చేస్తాడు. చిత్రం ఈ శిక్షణను దాదాపు సమర్థించినట్లే కనిపిస్తుంది. ఎందుకంటే దాని ఫలితంగానే అతడు గెలుస్తాడు. కాని ఆ దృశ్యాన్ని శ్రద్ధగా చూసినవారికి అక్కడ విజయం కనిపించదు. ఎన్నడో గతించిన తండ్రి ఆజ్ఞను ఒంటరి గదిలో ఇంకా పాటిస్తున్న కొడుకు కనిపిస్తాడు.

మూల్యమని మొదట చెప్పినది ఇదే. ఆటిజం ఉన్నవానికి నాయకస్థానం ఇవ్వడానికి ఈ చిత్రం అతని చేత అద్భుత గణితాన్ని, అమోఘమైన గురిని సమర్పింపజేసుకున్నది. 1988లో వచ్చిన ‘రెయిన్ మేన్’ చిత్రం నుండి ఇటువంటి పాత్రలకు ఏదో ఒక అపూర్వశక్తిని అంటగట్టడం పరిపాటి అయినది. వాస్తవంలో అటువంటి శక్తి కొందరికే ఉంటుంది. అధికసంఖ్యాకులు చదువుకోవడానికి ఒక బడి, చేయడానికి ఒక పని, కసిరికొట్టని ఇరుగుపొరుగు కోరుకునే సామాన్యులు. అంకెలు రాని, పోరాటం చేతకాని వుల్ఫ్‌ను ప్రేక్షకులు ఆదరించి ఉండేవారా అన్న సందేహం న్యాయమైనదే.

దీనికి కొంత సమాధానం జస్టిన్ అనే పాత్రలో దొరుకుతుంది. బాల్యంలో వుల్ఫ్ కూర్చుతున్న చిత్రఖండాల ఆటలో ఒక్క ముక్క తప్పిపోతుంది. పిల్లవాడు తల్లడిల్లుతుంటే ఆ ముక్కను వెదకి తెచ్చి ఇచ్చినది, నోట మాటలేని ఈ బాలికయే. ఫోనులో ఆజ్ఞలిస్తూ కథ పొడవునా వుల్ఫ్‌ను నడిపించే స్త్రీ గొంతు ఆమె కంప్యూటరు పలికే గొంతేనని చివరలో తెలుస్తుంది. 2025లో వచ్చిన రెండవ భాగంలో జస్టిన్ పాత్రను ఆటిజం ఉన్న నటి అలిసన్ రాబర్ట్‌సన్ ధరించింది. నాయకపాత్ర మాత్రం అందులోనూ అఫ్లెక్‌దే.