తెరమీది యుద్ధము

విశాఖపట్టణమునకు ఉత్తరమున మధురవాడ కలదు. ఒకనాడది పట్టణపు వెలుపలి పల్లె; నేడు మహానగరములో కలిసిపోయినది. అచటి ఒక యింటిలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు సెలవునాడు ‘ఘాజీ’ చలనచిత్రమును చూచెననుకొనుడు. సంకల్ప్ రెడ్డి దర్శకత్వమున 2017లో వెలువడిన ఆ చిత్రములో, విశాఖ తీరమునకు చేరువను, సముద్రగర్భమున, భారత జలాంతర్గామికిని పాకిస్తాను జలాంతర్గామియైన ఘాజీకిని ఘోరసంగ్రామము జరుగును. చిత్రము ముగిసిన పిదపను బాలుని గుండె దడదడ కొట్టుకొనుచునే యుండెను. అతడు ప్రక్కనున్న తాతవైపు తిరిగి, “తాతా! ఇదంతయు నిజముగా జరిగినదేనా?” అని యడిగెను.

ప్రశ్న చిన్నది. కాని దానికి అవుననియో కాదనియో ఒక్క మాటలో బదులు చెప్పుట తేలిక కాదు. ఈ ప్రశ్న ఈ బాలునితో పుట్టినదియు కాదు. యుద్ధమును తెరమీద చూపుట మొదలైన నాటినుండియు ఇది ప్రేక్షకుల వెంట వచ్చుచునే యున్నది.

యుద్ధము ఈ తీరమునకు అంతకు పూర్వమే ఒకమారు వచ్చియుండెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన, ర్యూజో అను జపాను విమానవాహకనౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు కురిపించెను. జనులు భీతిల్లి మూటాముల్లె సర్దుకొని లోపలి గ్రామములకు తరలిపోయిరి. పత్రికలపై ప్రభుత్వపు కట్టుబాట్లుండుటచే వార్తలకంటె వదంతులే వేగముగా వ్యాపించెను. అట్టి కాలమున దొరతనమువారు తమ మాటను ప్రజల చెవిని వేయుటకు సినిమాహాలును ఎన్నుకొనిరి. చదువురాని వానికి పత్రిక పనికిరాదు, బొమ్మ పనికివచ్చును.

ఇందులకై 1940లో ఫిలిం అడ్వయిజరీ బోర్డు ఏర్పడెను. 1943లో దాని స్థానమున ఇన్ఫర్మేషన్ ఫిలిమ్స్ ఆఫ్ ఇండియా అను సంస్థయు, ఇండియన్ న్యూస్ పరేడ్ అను వార్తాచిత్రమాలయు వెలసెను. ఆ చిత్రములను ఇంగ్లీషు, హిందూస్తానీ, బెంగాలీ, తమిళము, తెలుగు భాషలలో తయారుచేసిరి. ఆ యేటనే మరియొక ఉత్తరువు వెలువడెను. ప్రభుత్వము ఆమోదించిన చిత్రములను ప్రతి ఆటయందును రెండువేల అడుగుల నిడివికి తగ్గకుండ చూపవలెనని దాని భావము. రెండువేల అడుగులు తెరమీద నడచుటకు ఇంచుమించు ఇరువది రెండు నిమిషములు పట్టును. పౌరాణికచిత్రము చూడవచ్చిన రైతుగాని, పిల్లలతో వచ్చిన ఇల్లాలుగాని, ముందుగా సైనికుల కవాతును, ఫిరంగుల కర్మాగారములను చూడక తప్పదు. హాలు యజమాని ఆ చిత్రములకు అద్దెకూడ చెల్లింపవలసియుండెను!

ఆ ప్రేక్షకులు తాము చూచినదానిని ఎంతవరకు నమ్మిరి? ఇచట ఒక సంగతిని మరువరాదు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమము రేగగా గాంధీమహాత్ముడు మొదలుగాగల నాయకులను ప్రభుత్వము కారాగారమున ఉంచెను. స్వేచ్ఛకొరకే ఈ యుద్ధమని తెరమీది కంఠము పలుకుచుండగా, స్వేచ్ఛ కోరినవారు చెరసాలలో నుండిరి. చెప్పువాని నోటిమీద నమ్మకము పోయినప్పుడు వాడు చెప్పు నిజముకూడ నిజముగా తోచదు. తెరమీద కనబడు సిపాయి నిజమైన సిపాయియే. ఆ యుద్ధమున భారతసైన్యము ఇరువదియైదు లక్షల సంఖ్యకు చేరిన మాటయు నిజమే. కాని సగము చెప్పి సగము దాచిన కథలో, చెప్పిన సగముకూడ అనుమానమునకు గురియయ్యెను.

1946లో ఆ సంస్థను మూసివేసిరి. పరాయి దొరతనముయొక్క బాకా అని పేరుపడిన దానికై కన్నీరు కార్చినవారు అరుదు. కాని దాని ఫలము విచిత్రమైనది. 1947 ఆగస్టులో స్వాతంత్ర్యము వచ్చిన ఆ అర్ధరాత్రి, ఆ మహోత్సవమును చిత్రించుటకు ప్రభుత్వమునకు తనదను చిత్రసంస్థయే లేకపోయెను. ఫిలిమ్స్ డివిజన్ ఏర్పడినది 1948లో. ఇంకొక విచిత్రము కలదు. ఆ పాత సంస్థ యుద్ధచిత్రములతోపాటు దేశమందలి వాద్యములనుగూర్చి, నృత్యములనుగూర్చి, చేతిపనులనుగూర్చి కూడ చిత్రములు తీసెను. ఆనాటి ప్రేక్షకుడు వీనిని గూడ ఆ గంపలోనే వేసి త్రోసిపుచ్చియుండవచ్చును. నేటి పరిశీలకునకు అవి అమూల్యములు.

తెరమీది సత్యాసత్యములను పరీక్షించుట ఎట్లో తెలియుటకు ఇంకను వెనుకకు, మొదటి ప్రపంచయుద్ధమునకు పోవలెను. 1916 జూలై 1వ తేదీన ఫ్రాన్సుదేశమున సోమ్ నదీప్రాంతమున గొప్ప యుద్ధము ఆరంభమయ్యెను. ఆ మొదటి దినముననే బ్రిటిషు సైనికులు పందొమ్మిదివేలకు పైగా మరణించిరి. మాలిన్స్, మెక్‌డొవెల్ అను ఇరువురు ఛాయాగ్రాహకులు అచట తీసిన ‘బ్యాటిల్ ఆఫ్ ది సోమ్’ అను మూకీచిత్రమును ఆగస్టు నెలలోనే లండనులో ప్రదర్శించిరి. ఆరు వారములలో రెండుకోట్లమంది దానిని చూచిరని చెప్పుదురు. కొడుకులను యుద్ధమునకు పంపిన తల్లులు, భర్తలను పంపిన భార్యలు ఆ జనములో నుండిరి.

అందులో ఒక దృశ్యము ప్రేక్షకులను కలచివేసెను. సైనికులు కందకమునుండి పైకెక్కి శత్రువుపైకి కదలుదురు. ఒకడు గట్టు నెక్కబోయి వెనుకకు జారి నిశ్చలుడగును. అవతల పొగలో మరికొందరు కూలుదురు. ఏండ్లు గడచినపిదప పరిశోధకులు ఆ దృశ్యమును నిలిపి నిలిపి పరీక్షించిరి. యుద్ధమునకు పోవు సైనికుల వీపుల నుండవలసిన మూటలేవి? ముండ్లతీగ అంత పలుచగా నున్నదేమి? అన్నిటికంటె గట్టి ప్రశ్న మరియొకటి: తుపాకిగుండ్లు వర్షించుచుండగా ఛాయాగ్రాహకుడు అంత నిబ్బరముగా ఎచట నిలిచి ఈ దృశ్యమును తీసెను? కొన్ని క్షణములపాటు సాగు ఆ ఘట్టము యుద్ధరంగమునకు దూరముగా, శిక్షణాస్థలమున, అభినయింపజేసి తీసినదని తేలినది.

అంతమాత్రమున ఆ చిత్రమంతయు బూటకమని త్రోసివేసినవాడు, అంతయు నమ్మినవానికంటె తెలివైనవాడు కాడు. అందలి క్షతగాత్రులు నిజముగా క్షతగాత్రులే. బురదనిండిన ముఖములతో కెమెరావైపు తిరిగి చూచిన యువకులు నిజముగా ఆ కందకములలో నుండినవారే. ఆ చిత్రమును లండనులోని యుద్ధసంగ్రహాలయము భద్రపరచెను. 2005లో యునెస్కో సంస్థ దానిని ప్రపంచస్మృతిపట్టికలో చేర్చినది. అసత్యము కొంత కలిసినదని తెలిసియే చేర్చినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమునను ఇట్లే జరిగెను. 1943లో వెలువడిన ‘డెజర్ట్ విక్టరీ’ అను బ్రిటిషు చిత్రములో రాత్రివేళ ముట్టడి జరుగు ఘట్టములందలి కొన్ని భాగములను ఇంగ్లండులోని స్టూడియోలో తీసిరి. చీకటిలో కెమెరాకు బొమ్మ చిక్కదు, చూపవలసినదేమో రాత్రియుద్ధము! దీనిని మోసమందురో, అవసరమందురో చూచువాని మనస్సునుబట్టి యుండును. పగటివేళ దృశ్యములవలెనే వీనినికూడ యుద్ధరంగపు దృశ్యములుగా చూపుట మాత్రము ఒప్పుకొనదగినది కాదు.

ఇక మధురవాడ బాలుని ప్రశ్న. ఘాజీ చిత్రము యుద్ధకాలమున ప్రభుత్వము తీయించినది కాదు. నలుబదియారేండ్ల పిదప వినోదమునకై తీసినది. అయినను పరీక్ష ఒక్కటే. 1971 నవంబరులో కరాచీనుండి బయలుదేరిన ఘాజీ, విక్రాంత్ అను భారత విమానవాహకనౌకను వేటాడుచు బంగాళాఖాతమునకు వచ్చెను. విక్రాంత్ అప్పటికే అండమాను దీవులవైపు సాగిపోయినది. అది విశాఖవద్దనే యున్నట్లు భ్రమ కలిగించుటకు రాజ్‌పుత్ అను చిన్న యుద్ధనౌకనుండి దొంగ సందేశములు పంపిరి. యుద్ధములో అసత్యము తెరమీదనే కాదు, నీటిమీదకూడ ఆయుధమే! డిసెంబరు 3వ తేదీ గడచి 4వ తేదీ ప్రవేశించిన రాత్రివేళ ఘాజీ విశాఖ రేవుచెంత మునిగిపోయెను. అందున్న తొంబదిమందికి పైగా నావికులలో ఒక్కడును బ్రతుకలేదు.

దానిని ముంచినది రాజ్‌పుత్ వదలిన జలాంతర విస్ఫోటకములే యని భారత నౌకాదళపు వృత్తాంతము. లోపల సంభవించిన ప్రేలుడువలననో, తాను పరచిన మందుపాతరవలననో మునిగెనని పాకిస్తాను వాదము. రెండింటిలో ఏ ఒక్కదానియందును, చలనచిత్రములో చూపిన రెండు జలాంతర్గాముల ద్వంద్వయుద్ధము లేదు.

ఈ సంగతులన్నియు చెప్పి తాత ఆ సాయంకాలము బాలుని రామకృష్ణాబీచికి తోడ్కొనిపోయెను. అచట 1971 యుద్ధవిజయమునకు గురుతుగా 1996లో కట్టిన స్మారకమును చూపెను. ఒడ్డుమీద నిలిపిన కురుసుర జలాంతర్గామిలోనికి పోయి, మనిషి మసలుటకు చాలని ఇరుకుదారులలో బాలుడు మెల్లగా నడచెను. తెరమీద ఆ చోటు ఇంత ఇరుకుగా కనబడలేదు.

బయటికి వచ్చి ఇరువురును ఇసుకలో కూర్చుండిరి. తీరమునకు కొలది కిలోమీటర్ల దూరమున, సుమారు నూరు మీటర్ల లోతున ఘాజీ నేటికిని పడియున్నదనియు, 2024లో నౌకాదళమువారు దాని ఉనికిని మరల గుర్తించియు, మృతులయెడల గౌరవముతో దానిని తాకలేదనియు తాత చెప్పెను.

బాలుడు చాలసేపు సముద్రమువైపు చూచెను.

“వారందరును ఇంకను లోపలనే యున్నారా, తాతా?”

“అవును నాయనా.”