బొమ్మలో ఎవరు లేరు?



బొమ్మను చూడటం అందరికీ వచ్చు. చదవడం మాత్రం నేర్చుకోవాలి. సాంఘిక శాస్త్రంలో ఎంతో పనికొచ్చే ఈ అలవాటును మూడు ప్రశ్నలతో ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

ఉదాహరణకు లండన్ నేషనల్ గ్యాలరీలోని ‘మిస్టర్ అండ్ మిసెస్ ఆండ్రూస్’ అనే తైలవర్ణ చిత్రాన్ని తీసుకుందాం. థామస్ గెయిన్స్‌బరో 1750 ప్రాంతంలో దీన్ని గీశారు. ఇంటర్నెట్‌లో సులువుగా దొరుకుతుంది. పిల్లలతో కలిసి చూడండి.

ఏం కనిపిస్తోంది? ఎడమ వైపు చెట్టు కింద, చంకలో తుపాకీతో రాబర్ట్ ఆండ్రూస్ నిలబడ్డారు. పక్కన కుక్క ఉంది. బెంచీ మీద నీలి గౌనులో ఆయన భార్య ఫ్రాన్సెస్ కూర్చున్నారు. మిగతా బొమ్మంతా గోధుమ చేను, కట్టిన పనలు, కంచెలు, దూరంగా గొర్రెలు.

ఎందుకు చూపించారు? మనుషులు ఒక పక్కకు జరిగి, భూమికి ఎక్కువ చోటు దక్కింది. ‘ఇదంతా మాది’ అని చెప్పడానికే. తుపాకీ కూడా అందుకే. అప్పటి ఇంగ్లండులో వేటాడే హక్కు ప్రధానంగా భూస్వాములదే. గోధుమ మోళ్లు తిన్నగా వరుసల్లో ఉన్నాయి. అంటే విత్తనం చేత్తో చల్లలేదు, యంత్రంతో సాళ్లలో వేశారు. మన గొర్రు చేసే పనే ఇది. అక్కడ అప్పటికది కొత్త పద్ధతి.

ఎవరు లేరు? పనలున్నాయి, వాటిని కట్టిన కూలీలు లేరు. పిల్లలు తమంతట తామే ఈ సంగతి గమనించేదాకా ఆగండి. ముందే చెప్పేయకండి.

ఇదే ప్రశ్నను మన శ్రీరంగాపూర్‌కు తీసుకెళ్లండి. రత్నపుష్కరిణి చెరువు ఒడ్డున ఉన్న రంగనాయకస్వామి ఆలయం కూడా 18వ శతాబ్దానిదే. వనపర్తి సంస్థానాధీశులు కట్టించారని చదువుతాం. ‘కట్టించారు’ అనే మాటలోనే ఇద్దరున్నారు: కట్టించినవారు, కట్టినవారు. మొదటివారి పేరు పుస్తకంలో ఉంటుంది. రెండోవారి గురించి మనమే అడగాలి. 2016 వరకు వనపర్తి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. ‘పాలమూరు లేబర్’గా దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్వినవారిది ఈ నేలే. కాబట్టి ఈ ప్రశ్న మన పిల్లలకు పరాయిది కాదు. కొందరికి అది తాతల కథ.

ఈ నెల ఇంట్లో చేయించండి: మీ గృహప్రవేశం ఆల్బమ్ తీయండి. గుమ్మం ముందు మీరున్నారు, బంధువులున్నారు. గోడ కట్టిన మేస్త్రీ ఏ ఫోటోలోనైనా ఉన్నాడా? ఆయన పేరు మీకు గుర్తుందా? పిల్లలు అడిగి తెలుసుకుని, ఐదు వాక్యాలు రాసి క్లాసుకు తేవాలి. దీనికి మార్కులు లేవు. పేరు గుర్తు రాకపోతే మాత్రం ఒక ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఫోన్ పిల్లల ముందే చేయండి.