వికీ పేజీలో దాచడం – తీసేయడం

తమ్ముళ్లూ, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో మన ఊరి పేజీని మనమే సరిదిద్దవచ్చు. పేజీ చిన్నదై విషయసూచిక అడ్డమనిపిస్తే, ముందు రెండు, వెనుక రెండు అండర్‌స్కోర్లు పెట్టి 'విషయసూచికవద్దు' అని కలిపి రాస్తే చాలు, కనిపించదు. ఆజ్ఞ తెలుగులోనే! మాకు భలే ముచ్చటేసింది.

ఒక పేరా కనిపించకూడదంటే దాని ముందు లెస్‌దాన్ గుర్తు, ఆశ్చర్యార్థకం, రెండు హైఫన్లు పెట్టాలి. చివర రెండు హైఫన్లు, గ్రేటర్‌దాన్ గుర్తు. తోటి రచయితలకు సూచన రాసిపెట్టడానికి ఇది మంచిదే. మేము మాత్రం ఊరి పేజీలో తెలియక రాసిన మిత్రురాలి ఫోన్ నంబరును ఇలా దాచి నిశ్చింతగా ఉన్నాం. ఒక జూనియర్ 'సవరించు' నొక్కి ఆ నంబరు పైకి చదివాడు! మాకు చెమటలు పట్టాయి. వెంటనే చెరిపేశాం. అయినా 'చరిత్ర' నొక్కితే పాత కూర్పు అలాగే ఉంది. దాన్ని మరుగుపరిచే అధికారం నిర్వాహకులకు ఉంటుంది. నలుగురూ చూసే చర్చాపేజీలో కాకుండా వారికి ఈమెయిల్ రాశాం. వారు తీసేశారు. ఆమెకు ఈ సంగతి చెప్పడానికి మాత్రం మాకు రెండు రోజులు నోరు రాలేదు.