మన ఊరి మేకలు – పోతు లెక్క



మనలో చాలామంది హాస్టల్‌కు తెచ్చుకున్న పెట్టె, దుప్పటి ఒక మేకను అమ్మితే వచ్చినవే. మా ఇంట్లో డిగ్రీ ఫీజు కూడా అలాగే కట్టారు. పీజీలో జన్యుశాస్త్రం చదువుతుంటే ఆ మేకపోతు మళ్ళీ గుర్తుకొచ్చింది.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో మేకలు సుమారు 49 లక్షలు. ఇన్ని ఉండగా పరిరక్షణ ఎందుకని అడగవచ్చు. తలల లెక్క వేరు, జన్యు వైవిధ్యం లెక్క వేరు. ఉస్మానాబాదీ వంటి జాతికి పేరు, లక్షణాల పట్టిక ఉన్నాయి. అలా జాతులను గుర్తించి నమోదు చేసేది హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో ఎక్కువగా కనిపించేవి మాత్రం వట్టి ‘నాటు మేకలు’. పేరు లేకపోయినా మన ఎండకు, తుమ్మకాయకు, రాళ్ళగుట్టకు తరతరాలుగా అలవాటుపడినవి అవే.

అసలు సంగతి పోతు దగ్గర ఉంది. ఆడమేకల సంఖ్యను పోతుల సంఖ్యతో, మళ్ళీ 4తో హెచ్చించి, రెంటి మొత్తంతో భాగిస్తే ‘ప్రభావక సంఖ్య’ వస్తుంది. 40 మేకలకు ఒకే పోతు ఉంటే 160ని 41తో భాగించాలి. వచ్చేది సుమారు 4! అంటే 41 జీవాల మంద జన్యుపరంగా నాలుగు జీవాలతో సమానం. 1ని ఈ సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే తరానికి పెరిగే అంతఃప్రజననం తెలుస్తుంది: దాదాపు 13 శాతం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెప్పే హద్దు 1 శాతం, అంటే ప్రభావక సంఖ్య కనీసం 50 ఉండాలి.

పక్క మందల పోతులు కలుస్తాయి కాబట్టి నిజంలో ఇంత ఘోరం ఉండదు. కానీ 1967లో సాగర్ నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద బీళ్ళు వరి మడులయ్యాయి. మందలు కలిసే గుట్టలు, బంజరులు తగ్గాయి.

ఇంకొకటి. బాగా ఎదిగిన పోతుపిల్లే ముందు అమ్ముడవుతుంది, పెద్దగట్టు జాతరకో, బక్రీదుకో. మిగిలిన బక్కదే మందకు తండ్రి. మేమూ అదే చేశాం. ఫీజుకు పోయింది మందలోకెల్లా మంచి పోతు. తర్వాత మూడేళ్ళు దాని తమ్ముడే మందలో ఉంది, తన కూతుళ్ళనే కట్టింది. పిల్లలు చిన్నగా పుట్టాయి, కొన్ని పొదుగు పట్టలేక చచ్చిపోయాయి. నాయన దిష్టి అన్నాడు. మేత కూడా తగ్గింది కనుక తప్పంతా పోతుదే అనలేం. అయినా లెక్క చూశాక మాకు నిద్ర పట్టలేదు.

జమునాపారి వంటి బయటి పోతును తేవడం సులువే. ఊరంతా అదే పని చేస్తే నాటు రక్తం పలచబడుతుంది. వీర్యాన్ని ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద దాచవచ్చు, అది ప్రయోగశాల పని. మన చేతిలో ఉన్నది రెండేళ్ళకోసారి పక్క ఊరితో నాటు పోతును మార్చుకోవడం, మంచి పోతుపిల్లను ఒక్కదాన్నైనా అమ్మకుండా ఉంచడం.

దసరా సెలవులకు వెళ్ళేవారు మీ మందలోని పోతు ఎక్కడ పుట్టిందో, దాని తల్లి ఈతకు ఎన్ని పిల్లలు పెట్టిందో నోటుబుక్కులో రాసుకొని రండి. మునగాల వైపు వివరాలు మా దగ్గర కొన్ని ఉన్నాయి. మిర్యాలగూడ వైపువి ఒక్కటీ లేవు.