డార్విను నడచిన పొలముగట్లు

లండను మహానగరమునకు ఆగ్నేయముగా 16 మైళ్ళ దూరమున డౌన్ అను చిన్న గ్రామము కలదు. సుద్దనేలపై చెకుముకి రాళ్ళతో కూడిన బంకమట్టి పరచుకొనిన మెట్టప్రాంతమది. పూర్వము కెంటు మండలములోని పల్లెగా ఉండి, నేడు లండను పాలనలో చేరినది. అయినను పొలములు, కంచెచెట్లు, తోపులు నిలిచియే ఉన్నవి. ప్రకృతి శాస్త్రవేత్త ఛార్లెస్ డార్విను 1842లో సకుటుంబముగా ఇచటికి వచ్చి, 1882లో కన్నుమూయువరకు ఈ ఊరనే కాపురముండెను. యౌవనమున అయిదేండ్లు ఓడపై భూమిని చుట్టివచ్చిన ఆయన అటుపిమ్మట మరి విదేశయానము చేయలేదు. ఆయనకు కావలసిన ప్రపంచమంతయు ఈ పొలములలోనే దొరకినది. మనమును ఆ దారిని ఒకమారు నడచి చూతము.

ఊరి చర్చి దాటి కొద్ది దూరము పోయిన డార్విను ఇల్లు వచ్చును. 1929 నుండి అది ప్రజలు దర్శించు స్థలము. 1857లో ఆయన మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల నేలను త్రవ్వి శుభ్రపరచి, అందు మొలచిన ప్రతి కలుపుమొక్కకు గుర్తు పెట్టెను. మొలచినవి 357, వానిలో 295 నశించెను. ఎక్కువభాగము నత్తలవంటి జీవులకును పురుగులకును ఆహారమైనవి. బ్రతుకుటకై జీవులు పడు పెనుగులాటను గూర్చి 1859లో ప్రకటించిన మహాగ్రంథమున ఆయన ఈ లెక్కను చూపెను. దీనికి యంత్రము లేదు, ధనవ్యయము లేదు. కావలసినది ఓర్పు మాత్రమే. మన పాఠశాలల పిల్లలు తొలకరి వేళ పెరటిలో అంతే నేలను చదునుచేసి, మొక్కకొక పుల్ల గ్రుచ్చి, దినదినము లెక్క వ్రాసికొనవచ్చును.

ఇంటి వెనుక పచ్చిక బయలు దాటిన ఇసుకబాట కలదు. 1846లో పొరుగు భూస్వామి వద్ద సుమారు ఎకరమున్నర నేలను కౌలుకు తీసికొని, చెట్లు నాటించి, చుట్టును డార్విను వేయించిన కాలిబాట ఇది. మధ్యాహ్న సమయమున చుట్లు తిరుగుచు ఆలోచించుట ఆయనకు అలవాటు. చుట్ల లెక్క తప్పకుండుటకు దారిలో చెకుముకి రాళ్ళు పేర్చి, ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క రాతిని కాలితో తొలగించువాడట!

మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచునది వానపాముల కథ. 1842 డిసెంబరులో ఆయన సమీపమున ఒక పచ్చిక పొలముపై సుద్దముక్కలు చల్లించి, 29 సంవత్సరములు వేచి, 1871 నవంబరులో అచట కందకము త్రవ్వించెను. నేలకు 7 అంగుళముల లోతున సుద్ద తెల్లని గీతవలె కనబడెను. సుద్ద తనంతట క్రుంగలేదు. వానపాములు అడుగు మట్టిని మ్రింగి, పైకి వచ్చి కుప్పలుగా విసర్జించుటచే, ఏటికి సుమారు పావు అంగుళము క్రొత్తమట్టి దానిపై చేరినది. ఇంగ్లండులో పెక్కుచోట్ల ఎకరమునకు ఏటేట పది టన్నులకు మించిన మట్టి వీని శరీరముల గుండ పోవునని ఆయన అంచనా. మన నేలలు, వానలు, వానపాముల జాతులు వేరు. కావున ఆ అంకెను మన పొలములకు అట్లే అన్వయింపరాదు. కాని పని తీరు ఒక్కటియే. బొరియల వెంట గాలియు నీరును లోనికి దిగును. రాలిన ఆకు మట్టిలో కలియును. గడ్డిని, ఆకును పొలముననే తగులబెట్టినచో వానపాముల మేత బూడిదయగును. పురుగుమందులు మితిమీరినచో వానపాములే నశించును. ఆ నష్టము రైతు ఖాతాలో ఎచటను కనబడదు, గింజ తగ్గిననాడు తప్ప.

డార్విను వానిని కుండలలో పెంచి, ఈలవేసియు వాద్యములు మ్రోగించియు పరీక్షించెను. అవి చలింపలేదు. కుండలను పియానోపై పెట్టి మీట నొక్కగనే బొరియలలో దూరెను! వానికి చెవులు లేవు. అదురు మాత్రము తెలియును. అవి బొరియలలోనికి లాగిన 227 ఎండుటాకులను పరిశీలింపగా, 181 ఆకులు కొనవైపు నుండి లాగబడియుండెను. ఇంత అల్పజీవి యొక్క పనిని వివరించు గ్రంథమును ఆయన 1881లో, 72వ యేట ప్రకటించెను. అదియే ఆయన చివరి గ్రంథము.

తిరిగి ఊరిలోనికి వత్తము. గ్రామస్థుల పరస్పర సహాయ సంఘమునకు డార్విను 30 సంవత్సరములు కోశాధికారిగా ఉండి, పైసా తప్పక లెక్కలు వ్రాసెను. రోగము వచ్చిననాడు కూలివానికి కొంత సొమ్ము అందించుట ఇట్టి సంఘముల పని. మరణించిన పిమ్మట తన్ను ఈ ఊరి చర్చి ఆవరణముననే ఉంచుదురని ఆయన తలచియుండెను. గ్రామస్థుల కోరికయు అదియే. కాని పెద్దల సంకల్పమున 1882 ఏప్రిల్ 26న లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఖననము జరిగెను. ఆయన భార్య ఎమ్మాయు, అన్న ఇరాస్మసును, ఇంట చిరకాలము కొలువుచేసిన పార్స్‌లోయు మాత్రము డౌన్ చర్చి ఆవరణముననే ఉన్నారు.