బుల్డాగు వీపెక్కిన పిల్లికూన

చెల్లాయ్, పిల్లలకి టామ్ అండ్ జెర్రీ పెట్టద్దని నేననను. కానీ సెలవులకి అందరూ దిండి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి నేను చూపించబోయేది వేరే: ‘ఫీడ్ ది కిట్టీ’. 1952లో వార్నర్ బ్రదర్స్‌ వాళ్ళకి చక్ జోన్స్ తీశాడు. ఏడు నిమిషాలే.

మార్క్ ఆంటొనీ అని కొండంత బుల్డాగు. దాని ఎదట గుప్పెట్లో పట్టే పిల్లికూన. మీదపడి మొరిగితే కూన జడవదు సరికదా, వీపెక్కేసి, గోళ్ళతో పిసికి పిసికి పక్క సర్దుకుంటుంది. గోళ్ళు దిగుతుంటే కుక్క మొహం చూడాలే! పళ్ళ బిగువున ఓర్చుకుంటుంది. కూన కళ్ళు మూయగానే అదే మొహం వెన్నలా కరిగిపోతుంది. కుక్కకి ఒక్క మాటుండదు. మన బుజ్జిదానికైనా అన్నీ అర్థమైపోతాయి.

ఇంటావిడ మొహం మనకి చూపించరు. ఇంకో వస్తువు ఇంట్లోకి తెచ్చావంటే ఊరుకోనంటుంది. ఇక కూనని దాచడానికి కుక్క పడే పాట్లు! కీ ఇచ్చే బొమ్మలా చూపిస్తుంది, పౌడరు పఫ్‌లా వాడుతుంది. పొట్ట చెక్కలే. చివరికి పిండి డబ్బాలో దాస్తే, ఆవిడ ఆ పిండినే బిస్కెట్లకి కలుపుతుంది. కూన ముందే బయటపడిందని మనకి తెలుసు, కిటికీలోంచి చూస్తున్న కుక్కకి తెలీదు. దాని ఏడుపు చూడలేం. ఓదార్చడానికి ఆవిడ ఇచ్చింది పిల్లి ఆకారం బిస్కెట్టు! దాన్ని తీసి వీపు మీద పెట్టుకుంటుంది, పాపం.

దెబ్బలాటతో నవ్వించడం చాలామంది చేశారు. ప్రేమించినవాడు పడే అవస్థతో నవ్వించి, ఆ నవ్వులోనే కళ్ళు తడిపించడం వేరే విద్య. 2001లో పిక్సార్ వాళ్ళ ‘మాన్‌స్టర్స్, ఇంక్’లో పసిపాప చెత్త యంత్రంలో పడిందనుకుని సల్లీ అనే భూతం విలవిల్లాడే ఘట్టం ఈ కిటికీ దగ్గరనుంచి వచ్చిందే.

మనవాళ్ళకి మాత్రం చెయ్యి లేదా? 2008లో మొదలైన ఛోటా భీమ్ హైదరాబాదు గ్రీన్ గోల్డ్ వాళ్ళదేగా. వశిష్ట గోదావరి గట్టు, కొబ్బరి డొక్కల గుట్ట, పులస ముక్క మీద కన్నేసిన పిల్లి, దాని తప్పులన్నీ నెత్తినేసుకునే ఊరకుక్క — మాటల్లేకుండా ఎవరైనా గీస్తే ఎంత బాగుంటుందే!

అన్నట్టు, బుజ్జిది మధ్యలో ఏడిస్తే ఆపేయకు. కూన తిరిగొస్తుంది, ఆ కాస్తా చూడనియ్యి.