వేలిముద్ర భద్రత - రైతులు తెలిసికొనవలసిన విషయములు

విత్తనపు గాదెను కాపాడుకొనని రైతు ఉండడు. కాని నేడు రైతు సొమ్ములో ఎక్కువ భాగము బ్యాంకు ఖాతాలో ఉన్నది. ఆ ఖాతాకు తాళపుచెవి పెక్కుచోట్ల రైతు వేలికొనయే అయినది. ఎరువుల దుకాణములోను, రేషను దుకాణములోను, పథకములకు ఇ-కెవైసి చేయించుకొనునపుడును, ఊరిలోని బ్యాంకు మిత్ర వద్ద డబ్బు తీసికొనునపుడును యంత్రముపై వేలు పెట్టవలసి వచ్చుచున్నది. ఇందువలన చదువురాని వారికి ఎంతో సౌకర్యము కలిగినది. అయితే ఇనుప తాళపుచెవి పోయినచో తాళము మార్చుకొనవచ్చును. పిన్ నంబరు బయటపడినచో క్రొత్తది పెట్టుకొనవచ్చును. వేలిముద్రను మాత్రము మార్చుకొన వీలులేదు. కావున దానిని కాపాడుకొను పద్ధతులను ప్రతి రైతు, గ్రామోద్యోగి తెలిసికొనుట అవసరము.

ఖాతానుండి డబ్బు ఎట్లు వచ్చును?

ఆధార్ చెల్లింపు పద్ధతిలో బ్యాంకు మిత్ర వద్దనున్న యంత్రమునకు మూడు విషయములు చాలును. అవి బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర. కార్డు అక్కరలేదు. పిన్ అక్కరలేదు. సెల్‌ఫోనుకు వచ్చు ఓటీపీ కూడ అక్కరలేదు. బ్యాంకు పేరు ఎవరైనను ఊహింపవచ్చును. ఆధార్ నంబరు జిరాక్సు కాగితములపై ఊరంతయు తిరుగుచున్నది. ఇక మిగిలిన రక్షణ వేలిముద్ర ఒక్కటియే.

పరిశోధనలు తెలిపిన విషయము

ఒకరి వేలిముద్ర మరియొకరికి ఉండదు. కాని దానికి నకలు చేయవచ్చునా? ఈ ప్రశ్నను జపానులోని యొకొహామా జాతీయ విశ్వవిద్యాలయమునకు చెందిన సుతోము మత్సుమోటో, ఆయన సహచరులు పరీక్షించిరి. జెలటిన్ అను జిగురు పదార్థముతో కృత్రిమ వేళ్ళను చేసి, ఆనాడు బజారులో దొరకు 11 యంత్రములపై పెట్టి చూచిరి. ఆ యంత్రములన్నియు వాటిని నిజమైన వేళ్ళుగా అంగీకరించినట్లు 2002లో ప్రకటించిరి. గాజుపై మిగిలిపోయిన ముద్రను ఆధారముగా చేసిన నకలు కూడ పనిచేసినది. అనగా ఆ యంత్రము గుర్తించినది మనిషిని కాదు, వేలిపైని గీతల ఆకారమును మాత్రమే. ఆ ఆకారము ఎక్కడ స్పష్టముగా దొరికినను ప్రమాదమే.

మన ప్రాంతపు అనుభవము

భూమి రిజిస్ట్రేషను సమయమున చట్టములోని 32-ఎ సెక్షను ప్రకారము దస్తావేజునకు ఫోటోలు, వేలిముద్రలు జతపరచవలెను. మోసమును అరికట్టుటకు పెట్టిన నిబంధన ఇది. కాని దస్తావేజుల ప్రతులు వెబ్‌సైటులో లభించుటతో మోసగాండ్రకు ముద్రలు దొరికినవి. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారములో సిమ్‌కార్డుల వ్యాపారి ఒకడు దస్తావేజులలోని ముద్రలకు రబ్బరు నకళ్ళు చేసి, ఇతరుల పేర వేల సిమ్‌కార్డులు తెరచినట్లు పోలీసులు వెల్లడించిరి. 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకొన్న ముఠా ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల ముద్రలతో ఇతరుల ఖాతాలనుండి సొమ్ము తీసినట్లు తెలిసినది. పొలము కొన్నందుకు సాక్ష్యమైన కాగితమే ఖాతాకు కన్నము వేయు సాధనమైనది.

2023లో ఆధార్ సంస్థ, యంత్రముపై పెట్టినది సజీవమైన వేలో నకలో పరీక్షించు క్రొత్త ఏర్పాటును ప్రవేశపెట్టినది. ఇది మేలైన మార్పు. అయినను పురుగుమందు దొరకుచున్నదని గట్లపై కలుపు తీయుట మానరాదు గదా!

రైతు తీసికొనవలసిన జాగ్రత్తలు

1. ఆధార్ సంస్థ ఆప్ లేక వెబ్‌సైటు ద్వారా వేలిముద్రకు 'లాకు' వేసికొనవచ్చును. ఎరువు, రేషను తీసికొను వేళ దానిని కొద్దిసేపు తెరచుకొనవచ్చును. ఇందుకు మన సెల్ నంబరు ఆధార్‌తో జతపడి యుండవలెను.

2. నంబరంతయు అవసరములేని చోట మొదటి 8 అంకెలు కనబడని ఆధార్ ప్రతిని ఇయ్యవలెను. జిరాక్సుపై ఏ పనికి, ఏ తేదీన ఇచ్చినది అడ్డముగా వ్రాయవలెను.

3. పొలము పనులలో వేళ్ళు అరిగినవారి ముద్ర ఒక్కొక్కపుడు పడదు. "పడలేదు, మరల పెట్టు" అని చెప్పి రెండుమార్లు సొమ్ము తీయు మోసగాండ్రు కలరు. కావున ప్రతిసారి రశీదు అడుగవలెను. సొమ్ము రాకున్నను 'విఫలము' అను రశీదు తీసికొనవలెను.

4. ఖాతాకు సెల్ నంబరు జతచేసి, వచ్చిన సందేశములను ఇంటిలో చదువుకొన్నవారిచే చదివించుకొనవలెను. నెలకొకసారి పాసుపుస్తకములో పద్దులు వేయించవలెను.

మోసము జరిగినచో

వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకుకు వ్రాతమూలకముగా తెలుపవలెను. తప్పు ఖాతాదారునిది గాని బ్యాంకుది గాని కానప్పుడు, సందేశము వచ్చిన 3 పని దినములలో తెలిపినచో నష్టము ఖాతాదారునిపై పడరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఉత్తర్వు ఇచ్చినది. పంట సందడిలో ఉన్నామని వారములు గడపుట నష్టదాయకము.

గ్రామోద్యోగుల బాధ్యత

లబ్ధిదారుల జాబితాను గోడకు అంటించునపుడు పేరు, గ్రామము చాలును. ఆధార్ నంబరును బహిరంగముగా ప్రదర్శించుటను 2016 ఆధార్ చట్టము 29వ సెక్షను నిషేధించుచున్నది. దరఖాస్తుల జిరాక్సులను పొట్లముల కాగితముగా పోనీయక, పని ముగిసి, ఉంచవలసిన గడువు తీరినంతనే చించివేయవలెను. కార్యాలయపు కంప్యూటరు పాస్‌వర్డును బల్లపై వ్రాసి పెట్టరాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత పౌరుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. ఆ హక్కు ఢిల్లీలో తీర్పుగా ఉన్నంత మాత్రమున చాలదు. ఊరి కార్యాలయములోని బీరువాలో, బల్లమీది కాగితములలో అది కాపాడబడవలెను.

పొలమునకు కంచె ఒక్కనాడు వేసి ఊరుకొనినచో చాలదు, ఏటేటా చూచుకొనుచుండవలెను. సమాచార భద్రతయు అట్టిదే. రైతు సోదరులు ఈ విషయములను చదువురాని ఇరుగుపొరుగు వారికి, ముఖ్యముగా పింఛను తీసికొను వృద్ధులకు తెలియజెప్పినచో ఊరివారందరి సొమ్మునకు రక్షణ కలుగును.